బిడ్డ ఎవరి దగ్గర ఉంది?
తెర మీద పేద తల్లి పని గురించి ఒక ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం.

మీరంతా చూసిన సన్నివేశంతోనే మొదలుపెడదాం. గోడకు దండ వేసిన భర్త ఫొటో. కింద కుట్టు మిషను. తల్లి పాదం పెడల్ మీద పడుతుంది, చక్రం తిరుగుతుంది, కెమెరా చక్రం దగ్గరికి వెళ్తుంది. చూస్తుండగానే అది సైకిలు చక్రమవుతుంది. సైకిలు దిగేసరికి కొడుక్కి పాతికేళ్లు. తల్లి జుట్టు నెరిసింది, అంతే.

ఆ ఒక్క డిజాల్వ్‌లో, అంటే ఒక బొమ్మ ఇంకో బొమ్మలోకి కరిగిపోవడంలో, ఇరవై ఏళ్ల కష్టం కనపడకుండా పోయింది. ఆ ఇరవై ఏళ్ల గురించే ఈవేళ మాట్లాడతాను.

కుట్టు మిషను అంటే దర్శకులకు ఎందుకంత ఇష్టమో అర్థం చేసుకోవడం కష్టమేం కాదు. మనిషి ఒకచోట కూర్చుంటుంది, ఫ్రేము మారదు, లైటింగ్ ఒక్కసారి చేసుకుంటే చాలు. చప్పుడులో లయ ఉంది. సూది వేలికి దిగితే ఒక రక్తపు చుక్క, దానికో వయొలిన్. కానీ మిషను మీద బతికే మనిషికి వేలిలో దిగిన సూది పెద్ద బాధ కాదు. పత్తి లైనింగు బట్టని ముందు తడిపి ఆరేసి, అప్పుడు కత్తిరించాలి. తొందరలో తడపకుండా కుట్టిందనుకోండి, మొదటి ఉతుకులోనే లైనింగు ముడుచుకుపోతుంది, పైబట్ట ఉబ్బుతుంది. జాకెట్టు తిరిగొస్తుంది. విప్పి మళ్లీ కుట్టాలి, దానికి పైసా రాదు. హుక్కులు, కాజాలు మిషను మీద అయ్యేవి కావు, పిల్లలు పడుకున్నాక బల్బు కింద చేత్తో వేయాలి. పెళ్లిళ్ల నెలల్లో రాత్రి రెండింటిదాకా పని, ఆషాఢంలో మిషను మీద గుడ్డ కప్పే ఉంటుంది. "పండక్కి ఇస్తాలే" అని జాకెట్టు తీసుకుపోయిన వాళ్ల బాకీలు నోటుబుక్కులో ఉంటాయి. ఆ నోటుబుక్కు క్లోజప్ మీరు ఎప్పుడైనా చూశారా? కన్నీళ్ల క్లోజప్ మాత్రం వేలసార్లు చూశాం.

నా వాదన ఇదీ. మన సినిమా పేద తల్లి త్యాగాన్ని చూపించింది, పనిని చూపించలేదు. పనికి గంటలుంటాయి, రేటు ఉంటుంది, పనిముట్టు ఉంటుంది, పనిచోటు ఉంటుంది. త్యాగానికి ఇవేవీ అక్కర్లేదు. రెంటినీ విడదీయడానికి ఒక్క ప్రశ్న చాలు. ఏ సినిమా చూస్తున్నా అడగండి: ఆమె పనికి పోయినప్పుడు బిడ్డ ఎవరి దగ్గర ఉంది? దీనికి జవాబు చెప్పగలిగిన సినిమా, మిగతావన్నీ దాదాపుగా చెప్పేస్తుంది. జవాబు లేని సినిమాలో ఆమె కూలి ఎంతో కూడా మీకు తెలియదు.

1957 నాటి 'మదర్ ఇండియా' తీసుకుందాం. ఆ పేరు వినగానే అందరికీ గుర్తొచ్చే బొమ్మ ఒకటే, నాగలితో నర్గీస్. కానీ ఆ సినిమా కథ ఒక లెక్కతో మొదలవుతుంది. నర్గీస్ చేసిన రాధ పాత్రకు అత్తగారు, ఆ పెళ్లి ఖర్చుకు వడ్డీ వ్యాపారి సుఖీలాలా దగ్గర 500 రూపాయలు అప్పు తెచ్చింది. ఆ కాగితంలో ఏముందో ఆమెకు చదవడం రాదు. పంటలో నాలుగో వంతు అనుకున్న వడ్డీ, మూడు వంతులని తేలుతుంది. పంచాయతీ పెద్దలు వడ్డీ వ్యాపారి వైపే చెబుతారు. రాధ నాగలి పట్టడానికి కారణం ఈ మూడు వంతులు. తరవాత వచ్చిన వందల సినిమాలు ఇక్కడినుంచి నాగలి బొమ్మని తీసుకున్నాయి, అప్పు కాగితాన్ని వదిలేశాయి. కాగితం పోగానే పేదరికం ఎవరూ చేసిన పని కాకుండా పోయింది, వానలాగా ఎండలాగా వచ్చిపడేదయింది. అప్పుడు తల్లి చేయగలిగింది ఓర్చుకోవడం ఒక్కటే. మన తెర మీది అమ్మ ఓర్పంతా ఇక్కడే పుట్టింది.

1975 నాటి 'దీవార్'‌లో నిరుపారాయ్ పాత్ర బొంబాయిలో కట్టడం పనికి పోతుంది, ఇటుకలు మోస్తుంది. ఆ పని మన ఊళ్లలోనూ రోజూ కళ్లెదుట జరిగేదే కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం. మన మామూలు ఇటుక ఒక్కోటి మూడు కిలోల దాకా తూగుతుంది. పది ఇటుకలు తల మీదికెత్తుకుంటే ముప్పై కిలోలు. ఆ బరువుతో వెదురు బల్లల మీద నడిచే మనిషి మెడ తిప్పదు, కళ్లు మాత్రమే తిప్పుతుంది. పాదం మొత్తం ఆనించి నడుస్తుంది. చుట్టకుదురు సరిగ్గా కుదరకపోతే బరువంతా ఒక పక్కకు లాగి సాయంత్రానికి మెడ నరం పట్టేస్తుంది. సినిమాల్లో నటి మెడ తిప్పి కొడుకు వైపు చూస్తూ నవ్వుతుంది. అక్కడే తెలిసిపోతుంది, ఆ తట్టలో బరువు లేదని.

బట్టల సంగతి కూడా చెప్పాలి. తెలుగు నేల మీద నాట్లకు పోయినా, మిరపకాయలు కోయడానికి పోయినా, స్లాబు పనికి పోయినా, ఆడకూలీలు చీర మీద మగవాళ్ల పాత పొడుగు చేతుల చొక్కా తొడుక్కుంటారు, తలకు తువ్వాలు చుట్టుకుంటారు. ఎండకి, దురదకి, సిమెంటుకి అదే రక్షణ. దారంట పోతుంటే ఏ పొలంలోనైనా కనిపించే దృశ్యం. తెర మీద మాత్రం ఆ చొక్కా కనపడడం చాలా అరుదు. కాస్ట్యూమ్ విభాగం చీరకి రెండు అతుకులు వేసి, ముఖానికి కాస్త మసి పూసి సరిపెడుతుంది. అతుకు మాత్రం పాత బట్టమీద కొత్త దారంతో మెరుస్తుంటుంది.

ఇక కట్టడం దగ్గర బిడ్డ ఎక్కడ? వెదురు కర్రకో, వేపకొమ్మకో కట్టిన చీర ఉయ్యాలలో. ఇది సినిమాల్లో కనపడుతుంది, కాదనను. కానీ అందమైన బొమ్మగా కనపడుతుంది. 1996లో వచ్చిన భవన నిర్మాణ కార్మికుల చట్టం, యాభై మందికి మించి ఆడవాళ్లు పనిచేసే చోట ఆరేళ్లలోపు పిల్లలకు క్రెష్, అంటే వాళ్లని చూసుకునే గది, ఉండాలని చెప్పింది. 2005 నాటి ఉపాధి హామీ చట్టమైతే ఇంకా తేలిగ్గా చెప్పింది. పనిచోటుకు ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురో అంతకన్నా ఎక్కువో వస్తే, కూలికొచ్చిన ఆడవాళ్లలోనే ఒకరిని వాళ్లని చూసుకోవడానికి పెట్టాలి, ఆమెకూ కూలి ఇవ్వాలి. అంటే పిల్లని చూసుకోవడం కూడా కూలి ఇవ్వాల్సిన పనేనని చట్టం ఒప్పుకుంది. ఈ రెండు వాక్యాలు తెలిసిన రచయితకు చీర ఉయ్యాల వేరే విధంగా కనపడుతుంది. ఉండాల్సిన గది లేదు కాబట్టి ఉయ్యాల అక్కడ వేలాడుతోంది. మేస్త్రీకి ఆ సంగతి తెలుసు. ఆ తల్లికీ మేస్త్రీకీ మధ్య ఒక సంభాషణ రాయొచ్చు. నేపథ్యంలో పాట అక్కర్లేదు.

ఉయ్యాలకి కూడా వీలు లేనప్పుడు అసలు జవాబు ఏమిటి? మన వీధుల్లో, బస్తీల్లో, తండాల్లో ఉన్నది ఒకటే జవాబు. పెద్ద కూతురు. ఎనిమిదేళ్ల పిల్ల, చంకలో ఏడాది బిడ్డ. తల్లి ఉదయం ఆరున్నరకు మొదటి ఇంట్లో గిన్నెలకు పోతుంది. అంగన్‌వాడీ తెరిచేది ఆ తరవాత. ఆమె మూడో ఇంట్లో ఉండగానే అది మూసేస్తారు. మధ్యలో మిగిలిన గంటలన్నీ పెద్ద పిల్లవి. తల్లి సంపాదనలో కొంత భాగం ఆ పిల్ల బడి మానేయడంతో వచ్చింది. మన సినిమా ఈ సంగతి దగ్గరికి రాలేకపోవడానికి కారణం చాలా తేలికైనది: తెర మీది పేద తల్లికి ఎప్పుడూ కొడుకే పుడతాడు. హీరో కావాలి కదా. చెల్లెలు ఉంటే పెళ్లి చేయడానికి ఉంటుంది. తల్లి పని బరువులో సగం మోసిన అక్క మన కథల్లో పుట్టనేలేదు.

సత్యజిత్ రాయ్‌కి ఆ అక్క తెలుసు. 1955 నాటి 'పథేర్ పాంచాలీ'లో అపూ అక్క దుర్గ ఉంది. తరవాతి ఏడాది వచ్చిన 'అపరాజితో'లో నాకు చాలా విలువైనదిగా తోచే ఒక చిన్న ఘట్టం ఉంది. భర్త పోయాక వాళ్ల తల్లి సర్వజయ ఒక సంపన్నుల ఇంట్లో వంటమనిషిగా చేరుతుంది. పని ఉంది, తిండి ఉంది, నీడ ఉంది. బిడ్డ ఎవరి దగ్గర? అదే ఇంట్లో, ఆమె కళ్లముందే. అపూ యజమాని హుక్కాకి నిప్పు సిద్ధం చేయడం ఆమె చూస్తుంది. ఏడవదు, మాట్లాడదు. అక్కడినుంచి పల్లెకి వెళ్లిపోవాలని నిర్ణయించుకుంటుంది. పని చేసే తల్లికి జీతం ఎంతన్నది ఒక్కటే లెక్క కాదు, ఆ పనిచోటు తన బిడ్డని ఏం చేస్తోందన్నది రెండో లెక్క. రాయ్ ఆ రెండో లెక్కని ఒక చూపులో పెట్టాడు.

మన దగ్గరి విషయానికొస్తే, 1977లో మృణాల్ సేన్ తెలుగులో తీసిన 'ఒక ఊరి కథ'ని మళ్లీ మళ్లీ చూడాలి. ప్రేమ్‌చంద్ 'కఫన్' ఆధారం. మామ, మొగుడు పని చేసేది లేదని భీష్మించుకున్న ఇంట్లోకి నీలమ్మ కోడలుగా వస్తుంది. దొర కోసం ఎందుకు చాకిరీ చేయాలన్న మామ మాటలో న్యాయం ఉందనే అనిపిస్తుంది మనకు. కానీ ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది నీలమ్మ రెక్కల మీద. మగవాళ్ల తిరుగుబాటుకు కూడా అన్నం పెట్టింది కడుపుతో ఉన్న ఆడమనిషే, చివరికి కాన్పులో పోయిందీ ఆమే. ఇంత కఠినమైన మాట తెలుగు తెర మీద తరవాత ఎక్కువసార్లు వినలేదు. అంతకు మూడేళ్ల ముందు మన తెలంగాణ పల్లెలోనే తీసిన శ్యామ్ బెనెగల్ 'అంకుర్'‌లో లక్ష్మి గుప్పెడు బియ్యం తీస్తూ పట్టుబడే ఘట్టం ఉంది. కడుపుతో ఉన్న మనిషి. అదే ఘట్టాన్ని ఒక మామూలు సినిమాలో రాస్తే గుప్పెడు కాస్తా గంపెడు కన్నీళ్లవుతుంది.

ఇప్పుడు నేను ఎక్కువసేపు నిలబడాలనుకున్న సినిమా దగ్గరికి వస్తున్నాను. 2019లో వచ్చిన 'మల్లేశం'. శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం జీవితం. ఆయన ఆసు యంత్రాన్ని కనిపెట్టాడు, తల్లి పేరు మీద లక్ష్మీ ఆసు యంత్రమని పేరు పెట్టాడు, 2017లో పద్మశ్రీ అందుకున్నాడు. ఇవి మీకు తెలిసిన సంగతులే. సినిమా భాషలో ఇది ఎందుకు ముఖ్యమో చూద్దాం.

ఆసు పోయడం అంటే పోచంపల్లి చీరకు రంగులద్దే ముందు దారాన్ని కొలత ప్రకారం పోసుకోవడం. అర్ధచంద్రాకారంలో బిగించిన మేకుల చుట్టూ, దాదాపు మీటరు దూరం, చేత్తో దారాన్ని కిందికీ పైకీ తిప్పాలి. ఒక్క చీరకి తొమ్మిది వేలసార్లు. నాలుగైదు గంటల పని. రోజుకి రెండు చీరలకు పోస్తే పద్దెనిమిది వేలసార్లు ఆ చెయ్యి ఆడుతుంది. ఒక్క పోగు లెక్క తప్పితే డిజైను చెదురుతుంది కాబట్టి కళ్లు కూడా అక్కడే ఉండాలి. భుజం కీలు అరిగిపోతుంది. ఇది ఇంటి ఆడవాళ్ల పని. చీర ధరలో దీనికంటూ వేరే వాటా లేదు, మగ్గం మీది మనిషి కూలిలోనే కలిసిపోతుంది.

సినిమాలో ఝాన్సీ చేసిన తల్లి పాత్ర భుజం పట్టుకుని బాధపడినప్పుడు మనకు ఆ నొప్పి కారణంతో సహా తెలుస్తుంది. ఎక్కడ పుట్టింది, ఎన్నిసార్ల కదలికతో పుట్టింది, దాన్ని ఆపాలంటే ఏ కదలికని యంత్రం చేయాలి. ఆ తొమ్మిది వేలు లేకపోతే యంత్రానికి కథే లేదు. తెర మీద అమ్మ కష్టం ఒక యంత్రం డిజైనుగా మారిన సందర్భం ఇది. అమ్మ కష్టానికి కొడుకు పగ తీర్చుకోవడం చూశాం, డబ్బు సంపాదించి మేడ కట్టడం చూశాం. ఆ కష్టాన్ని కొలవడం ఇక్కడ చూశాం.

లోటు కూడా చెప్పాలి. కథ కొడుకుదే. తల్లి నొప్పి అతని పట్టుదలకు ఇంధనం. ఆసు పోస్తున్నప్పుడు పొయ్యి మీద ఏముంది, పాలు తాగే పిల్ల ఏడిస్తే పోగుల లెక్క ఎక్కడ ఆగింది, మళ్లీ ఎక్కడనుంచి అందుకుంది? ఇంట్లో చేసే పనిలో బిడ్డ పక్కనే ఉంటుంది. అందుకే బయటివాళ్లకి అది పనిలాగా కనపడదు, "ఖాళీగా కూర్చునే బదులు" చేసుకునేదిగా కనపడుతుంది. రేటు తగ్గడానికి ఈ మాటే సాకు.

నిజామాబాద్, జగిత్యాల వైపు బీడీలు చుట్టే తల్లుల సంగతీ ఇదే. తునికాకు తడిపి, ఆరబెట్టి, రేకు ముక్క పెట్టి కత్తెరతో కోసి, తంబాకు నింపి, చుట్టి, మూతి మడిచి, దారం కట్టాలి. ఇరవై ఐదు బీడీలు ఒక కట్ట, నలభై కట్టలు వెయ్యి. కూలి వెయ్యికి లెక్క. ఇచ్చిన ఆకు చిరుగులతో వస్తే వెయ్యి పూర్తవదు, తక్కువైన ఆకు ఆమె తన డబ్బుతో కొనాలి. బాగాలేవని పక్కన పెట్టిన బీడీలకు కూలి కట్ అవుతుంది. చాట ఒళ్లో ఉంటుంది, పిల్ల చాట పక్కన పడుకుంటుంది, పొగాకు ధూళి ఇద్దరికీ. ఒక పూర్తి సినిమాకి సరిపడా ఘర్షణ ఆ చాటలోనే ఉంది. హత్యలు అక్కర్లేదు.

బయటి దేశాల వాళ్లు ఈ పని ఎలా చేశారో రెండు మూడు ఉదాహరణలు.

కెన్ లోచ్ తీసిన 'ఐ, డేనియల్ బ్లేక్', 2016. కేటీ ఇద్దరు పిల్లల తల్లి, పనికోసం వెతుకుతోంది. కొత్త ఊళ్లో బస్సు తప్పు ఎక్కి భత్యం ఇచ్చే ప్రభుత్వ ఆఫీసుకు ఆలస్యంగా చేరినందుకే ఆమెకు దాన్ని ఆపేస్తారు. పిల్లలకు పెట్టి తను తిన్నానని చెబుతుంది. ఉచితంగా సరుకులిచ్చే చోట, అల్మరాల మధ్య, ఒక డబ్బా మూత లాగి చేత్తో తినేస్తుంది. ఆ తరవాత సిగ్గుతో కుప్పకూలుతుంది. మన సినిమాలోనూ తల్లి పస్తులుంటుంది. కానీ "నాకు ఆకలిగా లేదు నాన్నా" అన్న మాట దగ్గర ఆగిపోతుంది, అది త్యాగం. ఆకలి ఒంటిని ఏం చేస్తుందో లోచ్ చూపించాడు, అది వాస్తవం. ఆ ఘట్టంలో సంగీతం లేకపోవడాన్ని గమనించండి.

2021 నాటి ఫ్రెంచి సినిమా 'ఆ ప్లాఁ తాఁ' (ఫుల్ టైమ్)లో జూలీ పారిస్‌లో ఒక ఖరీదైన హోటల్లో గదులు శుభ్రం చేసేవాళ్ల పెద్ద. ఉండేది నగరానికి దూరంగా. రవాణా సమ్మె. దర్శకుడు ఎరిక్ గ్రావెల్ దీన్ని థ్రిల్లరు వేగంతో తీశాడు. పిల్లలు ఎవరి దగ్గర? పొరుగింటి ముసలావిడ దగ్గర. ఆమె ఇక నావల్ల కాదంటుంది. బాంబు పేలుతుందా లేదా అన్నంత ఉత్కంఠ ఆ ఒక్క మాటలో ఉంది, ఎందుకంటే జూలీ బతుకంతా ఆ ముసలావిడ ఓపిక మీద నిలబడి ఉందని అప్పటికే మనకు తెలుసు.

ఇక బ్రెజిల్. 2015లో అన్నా ముయిలార్ట్ తీసిన సినిమాకి పోర్చుగీసులో పెట్టిన పేరు తెలుగులో చెప్పాలంటే 'ఆమె ఎన్నింటికి తిరిగొస్తుంది?' బిడ్డలు అడిగే ప్రశ్న. వాల్ సావో పావ్లోలో ఒక ధనిక కుటుంబంలో ఉండి పనిచేసే మనిషి. ఆ ఇంటి పిల్లాడిని పెంచింది ఆమే. తన కూతురు జెస్సికా మాత్రం ఎక్కడో ఈశాన్యాన, ఇతరుల దగ్గర పెరిగింది. జెస్సికా ప్రవేశ పరీక్ష రాయడానికి అదే ఇంటికొచ్చి దిగుతుంది. ఎవరి ఐస్‌క్రీమ్ ఎవరు తినాలి, ఎవరు ఏ బల్ల దగ్గర కూర్చోవాలి, తల్లికి తెలిసిన ఏ గీతా కూతురు లెక్కచేయదు. ఆ పిల్ల ఈతకొలనులో దిగిన తరవాత, ఎలుక కనపడిందని చెప్పి యజమానురాలు కొలను నీళ్లు తీయించేస్తుంది. మన ఇళ్లలో పనమ్మాయికి వేరే గ్లాసు ఎందుకుంటుందో తెలిసిన వాళ్లెవరికీ ఆ ఎలుక గురించి వివరించక్కర్లేదు. 2013లో బ్రెజిల్ రాజ్యాంగ సవరణ ఇంటిపని వాళ్లకు రోజుకు ఎనిమిది గంటల పరిమితి ఇచ్చింది. ఆ గాలి వీస్తున్న రోజుల సినిమా ఇది.

కోనసీమనుంచి, కడప జిల్లానుంచి కువైట్ ఇళ్లలో పనికి పోయిన తల్లులు ఎంతమందో మనందరికీ తెలుసు. అక్కడ వేరేవాళ్ల పిల్లలకు అన్నం తినిపిస్తారు, ఇక్కడ వాళ్ల పిల్లలకు అమ్మమ్మ తినిపిస్తుంది. వాల్ కథ మన పక్కింటి కథ. మనం ఇంకా రాయాల్సిన కథ.

రాసే వాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి పనికొచ్చే మాట. తల్లి పాత్ర మొదలుపెట్టే ముందు సంభాషణ రాయకండి. ఒక కాగితం మీద ఆమె ఇరవై నాలుగు గంటలు గీయండి. నీళ్లు ఎన్నింటికొస్తాయి, మొదటి బస్సు ఎప్పుడు, ప్రతి గంటకీ పక్కన బిడ్డ ఎక్కడుందో రాయండి. బిడ్డ పేరు పక్కన ఖాళీ వచ్చిన గంటలోనే మీ కథ ఉంది. రెండో కాగితం మీద నెల లెక్క. హైదరాబాదులో ఇళ్లలో గిన్నెలకో రేటు, ఊడ్చి తుడవడానికో రేటు, బట్టలకో రేటు, దేనికది విడిగా. ఒక ఇంటివాళ్లు వాషింగ్ మిషను కొంటే ఆమె నెలసరి ఆదాయంలో ఒక ముక్క విరిగిపోతుంది. అది ఎవరి దుర్మార్గమూ కాదు, అయినా ఆమె ఇంట్లో ఆ నెల ఏదో ఒకటి ఆగిపోతుంది. ఏది ఆగుతుంది? మందులా, ట్యూషనా, గ్యాసా? ఆమె దేన్ని ఎంచుకుంటుందో తెలిస్తే ఆమె స్వభావం తెలుస్తుంది.

నటికి చెప్పాల్సింది చేతుల గురించి. మిరపకాయలు కోసి వచ్చిన చేతులు రాత్రిదాకా మండుతాయి. ఆ చేత్తో బిడ్డ ముఖం తుడిస్తే బిడ్డ కేకపెడుతుంది. కాబట్టి ఆ తల్లి ఇంటికి రాగానే పరుగెత్తి బిడ్డని ఎత్తుకోదు. ముందు చేతులు కడుక్కుంటుంది, చాలాసేపు కడుక్కుంటుంది, బిడ్డ ఏడుస్తూ కాళ్లు పట్టుకున్నా సరే. దూరంనుంచి చూసేవాడికి ప్రేమ లేనిదానిలా కనపడుతుంది. ఆ షాటుని కత్తిరించకండి.

ఇప్పుడు బ్రెజిల్ సినిమాలోంచి నాలుగు నిమిషాల ముక్క చూద్దాం. పరీక్ష మొదటి దశలో కూతురు నెగ్గిందని తెలిసిన రాత్రి. ఇన్నేళ్లలో ఎన్నడూ దిగని ఆ కొలనులోకి వాల్ దిగుతుంది. నీళ్లు సగానికి పైగా తీసేశారు, ఆమె కాళ్లు మాత్రమే తడుస్తాయి. కూతురికి ఫోను చేస్తుంది. మాటలకన్నా నీళ్ల చప్పుడు వినండి, ఆ చప్పుడు వినిపించడానికే ఆమె ఫోను చేసింది. వెనక లైట్లు కూడా ఆర్పేయండి, అమ్మా.